ఏ కాలు నొయ్యాలె?

క్లినిక్ గడప దాటేదాక భూమయ్యకు కుడికాలు నొచ్చింది. బల్ల ఎక్కెవరకు ఎడమకాలు నొయ్యవట్టింది.

"ఏ కాలు కాకా?" అని అడిగింది సరిత.

భూమయ్య కిటికీ దిక్కు సూశిండు. అవుతల ఆటో పక్కన నిలవడ్డ దేవేందర్ తన కుడికాలు మీద చెయ్యేసి సూపెట్టిండు.

"కుడిదే బిడ్డా. ఎడమది దానికి తోడుగ నొస్తుంది."

సరిత నవ్వలే. కిటికీ దిక్కు గూడ సూడలే. కాలు వంచింది, సాపింది. బుక్కుల పేరు, ఊరు, నొప్పి రాసుకొని సంతకం వెట్టిచ్చుకుంది.

కోరుట్లల ఆటో నడిపే దేవేందర్‌కు పెండ్లాం సరిత. ఫిజియోథెరపీ సదివింది. ఇప్పుడు ఆ జిల్లాల నొప్పులున్నోళ్లకంటె ఆ సదువు సదివినోళ్లే ఎక్కువైర్రు. జగిత్యాలల అడిగితే, ముందుగాల ఏడాది ఉత్తగ చెయ్యమన్నరు. సిరిసిల్లల ఒక్క కొలువుకు మూడు వందల మంది వోయిర్రు. లైన్ల నిలవడి నిలవడి అందరికి నడుములు వట్టినయి. ఒకల నడుం ఒకలు సక్కజేస్కొని ఇండ్లకు మర్లిర్రు.

ఆఖరికి సరిత మస్కట్ దవాఖానకు అర్జీ వెట్టింది. నెలకు ఉత్తరం అచ్చింది, ఇంగ్లీషుల.

"ఏమన్నరు?" అని అడిగిండు ఇంగ్లీషు రాని దేవేందర్.

"ఇప్పుడు తీస్కోరట." ఉత్తరం మడిచి బుక్కుల వెట్టుకుంది.

సరిత రెండొద్దులు సక్కగ బువ్వ తినలే. దేవేందర్ అద్దకిలో జిలేబీ తెచ్చుకొని ఆటోల ఒక్కడే కూసుండి తిన్నడు.

ఆయనకు మస్కట్ ఎరుకే. ఆరేండ్లు చేసి ఇంటికస్తె, సొంత బిడ్డె తలుపు తీసి "అమ్మా, ఎవరో అంకుల్ అచ్చిండు" అన్నది. గా ముచ్చట ఇంకా గుండెల్నే ఉన్నది.

ఆ ఉత్తరం అచ్చినంక సరిత ఊర్లెనే వెట్టుకున్న గీ క్లినిక్ నడిస్తె మళ్ల మస్కట్ పేరు ఎత్తదు. కని అండ్లకు ఈగలు తప్ప ఎవ్వలు అస్తలేరు. గందుకే నొప్పని క్లినిక్‌కు అచ్చెటోళ్లకు దేవేందర్ కల్లు కాంపౌండుల రేటు కట్టిండు. మోకాలు నొప్పికి ఒక సీస కల్లు. నడుముకు రెండు. మెడకు మూడు, ఇంటికి వోయేదాక వంకర వెట్టుకోవాలె గద.

యాదగిరి మూడు సీసలకు ఆశపడి మెడ వంకర వెడితె అది నిజంగనే వట్టింది. సరితనే సక్కజేసింది. మొత్తంల అసలు నొప్పి గదొక్కటే. చంద్రయ్య అయితే కల్లు మత్తుల జుట్టు నొస్తుందన్నడు. సరిత జుట్టుకు గూడ కసరత్తు జెప్పి సంతకం తీస్కుంది.

"ఏమయ్యా, మెట్‌పల్లి దిక్కు నొప్పులు ఎక్కువున్నయట గద" అన్నది ఒకనాడు.

మరునాడు ఆటో నిండ మెట్‌పల్లి అచ్చింది. ఆ తెల్లారి సారంగాపూర్ కుంటుకుంట దిగింది.

ఆఖరికి మనుషులు ఒడిసిర్రు. కాంపౌండుల ఎవ్వని అడిగినా "నాకు నయమైంది" అంటున్నడు. నిన్న ముత్యం అచ్చిపోయిండు, ఇయ్యాల ఒక్కలు లేరు. సరిత బుక్కు ముందట వెట్టుకొని మొఖం సిన్నగ జేసింది. దేవేందర్‌కు పానం ఆగలే. తనే బల్ల ఎక్కి పన్నడు.

"నాకు భుజం నొస్తుంది."

"ఏ భుజం?"

దేవేందర్ కిటికీ దిక్కు సూశిండు. అవుతల ఎవ్వలు లేరు.

"రెండూ."

సరిత మెత్తగ నవ్వింది. రెండు భుజాలు సక్కగ రుద్ది బుక్కు సాపింది. "సంతకం వెట్టు."

"ఇంటోన్ని గూడ సంతకం అడుగుతవా?"

"అందరు వెట్టిర్రు గద."

దేవేందర్ ఇంత పెద్దగ సంతకం గీకిండు. "క్లినిక్ జోరుమీదున్నది. ఇగ మస్కట్ ముచ్చట ఇడిసినట్టేనా?"

సరిత బుక్కులకెల్లి పాత ఉత్తరం తీసి ఆయన పక్కల వెట్టింది.

"వంద మందికి నయం జేసినట్టు సంతకాలు తెస్తె టికెట్ పంపుతమని గిండ్ల రాసిర్రు, నువ్వే వందోనివయ్యా."