ఆగకుండా తిరిగిన బండి

నిలబడిన బండి ఇంజను ఒక్క నిమిషంలో దానంతట అదే ఆగిపోవాలన్న చట్టం వచ్చి పదేళ్లయింది. బోలెడంత ఇంధనం మిగిలింది, సిగ్నళ్ల దగ్గర జనానికి ఊపిరాడింది. శవాలను తీసుకెళ్లే బండ్ల సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. ఇంజను ఆగితే వాటిలోని ఐసుపెట్టె కూడా ఆగిపోతుంది.

ఆ ఏడాది ఎండలకు చావులు పెరిగి, వరంగల్‌లో శవాలను ఉంచే అద్దె ఫ్రీజర్లన్నీ అయిపోయాయి. అందుకే భిక్షపతి చనిపోయిన భార్య సుగుణతో పొద్దుటి నుంచి బండిలో తిరుగుతూనే ఉన్నాడు. నాగపూర్ నుంచి కూతురు స్రవంతి వస్తున్న రైలు ఆరు గంటలు ఆలస్యం.

"ఇప్పుడెటు పోదాం కాకా?" అని డ్రైవరు ఉప్పలయ్య అడిగాడు.

"ఆమె పనిచేసిన బడి ముంగట్నుంచి పోనియ్యి."

ఆ బడిలో సుగుణ ముప్పై ఏళ్లు వంట చేసింది. పిల్లలు వరండాలో కూర్చుని అన్నాలు తింటున్నారు. ఉప్పలయ్య బండిని మెల్లగా పోనిచ్చాడు. భిక్షపతి పెట్టె మీద చెయ్యి వేసి, "ఇయ్యాల పప్పుచారు పెట్టిన్రు" అని ఆమెకు చెప్పాడు.

సాయంత్రం స్టేషన్లో స్రవంతిని ఎక్కించుకొని ఇంటికి చేరారు. ఆమె తల్లి ఉన్న పెట్టెను పట్టుకొని ఏడుస్తుండగానే ఇంజను ఆగిపోయింది.

"పోనియ్యి ఉప్పలయ్యా, చల్లదనం పోతది," అంటూ భిక్షపతి కంగారుపడ్డాడు.

"ఇంకెక్కడికి నాయినా? నేనొచ్చిన గదా," అంది స్రవంతి. "అమ్మను దించుదాం."

పొద్దుటి నుంచి కన్నీటి చుక్క రాల్చని భిక్షపతి, బండి మెట్టు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.