దిష్టి పువ్వు

“మళ్లీ ఐదు రేకులే!” నిరంజన్ టేబుల్ మ్యాట్‌ని ట్యూబులైటు కిందకి ఎత్తి పట్టుకుని వేలు పెట్టి చూపించాడు. “ఇన్ని పువ్వులకీ ఆరేసి రేకులు అల్లి, ఈ మూలదానికి ఒకటి ఎగ్గొట్టారేంటండీ అచ్చాయమ్మగారూ?”

“ఎగ్గొట్టడం కాదు బాబుగారూ, అది దిష్టి పువ్వు. అంతా పొందిగ్గా కుదిరితే కళ్లు పడతాయని మా అత్తగారు ఒక రేకు తగ్గించి అల్లేవారు. మేమూ అంతే.”

“అమెరికావాళ్లకి దిష్టేంటండీ?”

“వాళ్లకీ కళ్లుంటాయి కదండీ.”

నర్సాపురం లేసు కొట్లో పాతికేళ్లుగా సరుకు చూస్తున్న నిరంజన్‌కి నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు. ఆ అమెరికా బేరంతోనే కొట్టు మీద అంతస్తు లేచింది. అచ్చాయమ్మ కూతురు నర్సింగ్ చదివింది. ఇప్పుడు ఆ బేరాన్నే చైనా మిషన్ లేసు తినేస్తోంది. మూడో వంతు ధర, వారంలో సరుకు, ఒక్క తప్పుండదు. పాత కంపెనీల్లో మిగిలింది ఒక్కటే. చేతిపని మాత్రమే కొంటామని, ముందు రెండొందల మ్యాట్లు అల్లించమని, తమ మనిషి చూసి ఒప్పుకుంటే ఏడాది పొడవునా పని ఇస్తామని రాసింది. అదీ పోతే, అచ్చాయమ్మ వెంట అల్లే నలభై మంది ఆడవాళ్లకి మిగిలేది రొయ్యల షెడ్డులో తలలు తీసే పని.

“ఇన్నాళ్లూ చెల్లిందండి, ఇప్పుడు మన పోటీ మిషన్‌తో. తప్పు కనిపిస్తే డ్యామేజీ అంటారు. అన్నీ ఆరు రేకులే ఉండాలి.”

“మిషన్‌దేదో మనదేదో తెలీకుండా పోద్దాండీ?” ఆవిడ మ్యాట్ తిరగేసింది. “ఇదిగో, దారం ముగించిన చోట ముడి. మిషన్‌దానికి ముడుండదు. చూడక్కర్లేదు, వేలికే తెలిసిపోద్ది.”

“వెనక ఎవరు చూస్తారండీ?”

ఆవిడ, అప్పటికే అల్లేసిన రెండొందల మ్యాట్లూ ఇంటికి పట్టుకెళ్లి, నలభై మందినీ కూర్చోబెట్టి, ఒక్కో దిష్టి పువ్వూ విప్పించి మళ్లీ అల్లించింది. తొమ్మిది రోజులు పట్టింది.

పదో రోజు విశాఖపట్నం నుంచి కంపెనీ మనిషి రాజేంద్ర దిగాడు. కాఫీ వద్దన్నాడు. పెట్టెలోంచి మొదటి మ్యాట్ తీసి, నేరుగా మూలకి వెళ్లి రేకులు లెక్కపెట్టాడు. రెండోది. పదోది. ఇరవయ్యోది. నిరంజన్‌కి ధైర్యం వచ్చింది.

“ఒక్క తప్పుండదండి. కావాలంటే రాసిస్తాను.”

“అదేనండీ చిక్కు.” రాజేంద్ర పెట్టె మూసేశాడు. “ఇవి మిషన్‌వి.”

“ఎంతమాటండీ! ఇదిగో, అల్లించినావిడ ఎదురుగానే ఉన్నారు, అడగండి!”

“అందరూ అలాగే అంటారండి. కంపెనీ కేటలాగులోనే రాశారు, చేత్తో అల్లినదైతే మూల పువ్వుకి ఐదే రేకులుంటాయని. పోల్చి చూసుకోమని నాకు అసలుదొకటి ఇచ్చి పంపారు.” సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని మ్యాట్ బల్ల మీద పరిచాడు. “కొత్తగా దొరికినవాళ్లు అచ్చం ఇలాంటివే పంపుతున్నారు. ఏడాది ఆర్డరు ఇంక వాళ్లకే. ఏమీ అనుకోకండి.”

నిరంజన్ అచ్చాయమ్మ మొహంలోకి చూడలేకపోయాడు. తొమ్మిది రోజులూ ఆ పువ్వులు విప్పించింది తన మాటే.

ఆవిడకి కోపం రాలేదు. బల్ల మీదకి వంగి మూల పువ్వు రేకులు లెక్కపెట్టింది. ఐదు.

“మా అత్తగారి పువ్వేనండి,” అంది మురిపెంగా. “ఏ ఊరివాళ్లో గానీ, వదల్లేదు.”

మ్యాట్‌ని మెల్లిగా వెనక్కి తిప్పింది. చూపుడువేలితో అంచు పొడవునా తడిమింది. ఆగింది. మళ్లీ మొదటి నుంచి తడిమింది.

“దీనికి ముడి లేదండి.”