ఆవిడగారి స్కూటీ

"ఇంతకీ బండి ఎవరికండీ?" అన్నాడు బసవపున్నయ్య, తాళంచెవి గుప్పిట్లోంచి వదలకుండా.

మణికుమార్ తాళంచెవి వైపే చూశాడు. "మా ఆవిడకండీ."

గుప్పిట కాస్త వదులైంది. "అదీ మాట! మగాళ్ళకైతే చచ్చినా అమ్మను. మొన్న కంకిపాడు నుంచి ఒకాయన వచ్చాడు. వెనక పాలక్యాన్లు కట్టుకుంటాడంట. మా అమ్మాయి పువ్వులా వాడుకున్న బండండీ. మళ్ళీ ఆడకూతురి చేతికే వెళ్ళాలి."

గుణదలలో ఆ ఇంటి వసారాలో వంగపండు రంగు స్కూటీ తుడిచి నిలబెట్టి ఉంది. గేర్లు లేవు, క్లచ్చి లేదు, బటన్ నొక్కితే స్టార్టు. ఊరంతా గాలిస్తే మణికుమార్ స్తోమతకి దొరికింది ఇదొక్కటే. ఇదీ చేజారితే మళ్ళీ సిటీ బస్సు ఫుట్‌బోర్డే గతి. పైగా ఈ బండి కోసమే హనుమాన్ జంక్షన్ నుంచి బ్రోకరు హనుమయ్య సాయంత్రానికల్లా వస్తానని కబురు పెట్టాడట.

"ఆవిడకి గేర్ల బండి రాదా అండీ?" గుమ్మంలోంచి అడిగింది బసవపున్నయ్య కూతురు సుధామణి. చున్నీ నడుముకి బిగించి, చేతికంటిన గ్రీజు పాతగుడ్డతో తుడుచుకుంటోంది.

"నేర్చుకోబోయిందండీ. క్లచ్చి వదిలితే బండి ఎగురుతుంది, పట్టుకుంటే ఆగిపోతుంది. మొన్న ఏలూరు రోడ్డులో, అందరూ చూస్తుండగా బోర్లా పడింది. చుట్టూ ఒకటే నవ్వులు. ఆ పూట అన్నం కూడా సహించలేదండీ." చెబుతుంటే అతని గొంతు నిజంగానే వణికింది.

"అయ్యో! మీ మోచెయ్యి కూడా గీరుకుపోయిందే!"

"నేను వెనక కూర్చున్నానండీ."

కాఫీ గ్లాసులు పట్టుకొస్తున్న సుధామణి తల్లి మంగాయమ్మ అక్కడే ఆగిపోయింది. "విన్నారా? పెళ్ళాం బండి నేర్చుకుంటుంటే ధైర్యంగా వెనక కూర్చున్నాడంట! నేను సైకిలు తొక్కుతానంటే మీరు వీధంతా వినపడేట్టు నవ్వారు." బసవపున్నయ్య దగ్గి, పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

"గేర్లు రాకపోతే తప్పేం కాదండీ," అంది సుధామణి. "ఎవరో ఒకరు ఓపిగ్గా నేర్పాలంతే. నాకు గేర్ల స్కూటర్ అలవాటయ్యాక ఇది చప్పగా ఉంది, అందుకే అమ్మేస్తున్నాం. ఆదివారం ఆవిణ్ణి పంపండి, నేను నేర్పుతా."

"మీరా!" మణికుమార్ ముఖం ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. "చూద్దాం లెండి. దానికి కొంచెం సిగ్గెక్కువ."

"ఒకసారి నడిపి చూడండి," అన్నాడు బసవపున్నయ్య.

మణికుమార్ వీధి అటూ ఇటూ చూశాడు. మీసమున్నవాడు స్కూటీ ఎక్కితే బెజవాడ ఊరుకోదు. అందుకే ఊళ్ళో స్కూటీ మీద కనబడే మగాళ్ళంతా ఎప్పుడు అడిగినా చెల్లెలి బండిని రిపేరుకి తీసుకెళుతూనే ఉంటారు. వీధి ఖాళీ అయ్యాక మలుపుదాకా వెళ్ళి వచ్చాడు. బండి వెన్నలా నడిచింది.

బేరం కుదిరింది. మంగాయమ్మ మాత్రం కదలనివ్వలేదు. "బండంటే మహాలక్ష్మే, శుక్రవారం పూట దాన్ని వట్టిగా పంపకూడదు బాబూ. మీ ఆవిడకి తాంబూలం ఇస్తాను. సుధా, జాకెట్టు ముక్క తియ్యి."

సుధామణి బీరువా తెరిచింది. "ఆవిడ ఏ రంగుంటారండీ?"

"చామనఛాయ," అన్నాడతను తడబడుతూ. "ఇంచుమించు మీలాగే."

"అయితే ఆకుపచ్చ నప్పుతుంది."

మంగాయమ్మ మల్లెపూల పొట్లం కడుతూ నిట్టూర్చింది. "దీనికి వచ్చిన సంబంధాలన్నీ పెళ్ళయ్యాక బండి మానెయ్యాలనేవే. ఇదేమో పెళ్ళాం బండి నడిపితే మురిసిపోయేవాణ్ణే చేసుకుంటానని కూచుంది. ఇంతకీ మీ ఇంటిపేరేంటి బాబూ?"

చెప్పాడు.

"అయ్యో, మనవాళ్ళే! తమ్ముళ్ళెవరన్నా ఉన్నారా?"

"లేరండీ. నేనొక్కణ్ణే."

"ఎంత అదృష్టవంతురాలో ఆ పిల్ల," అంది మంగాయమ్మ.

మణికుమార్ చూడకూడదనుకుంటూనే సుధామణి వైపు చూశాడు. ఆమె జాకెట్టు ముక్క మడత సరిచేస్తోంది. ఒక మాట గొంతుదాకా వచ్చేసింది. "ఏవండీ, అసలు సంగతేంటంటే..."

గేటు చప్పుడైంది. బ్రోకరు హనుమయ్య చెమటలు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు.

"ఆలస్యమైందయ్యా, ఈయనకిచ్చేశా," అన్నాడు బసవపున్నయ్య. "ఆడవాళ్ళకే అని నువ్వూ చెప్పావు, వచ్చిన ప్రతివాడూ చెప్పాడు. ఈయన మాట మాత్రం కడుపులోంచి వచ్చింది. ఏ మాత్రం తేడా అనిపించినా నీకే ఇచ్చుండేవాణ్ణి."

మణికుమార్ చటుక్కున తాళంచెవి అందుకున్నాడు.

"ఏదో అనబోయారు?" అంది సుధామణి.

"ఏం లేదండీ. మా ఆవిడ చాలా సంతోషిస్తుందని."

ఏలూరు రోడ్డు సిగ్నల్ దగ్గర బండి బుద్ధిగా ఆగింది. ముందున్న సంచిలోంచి మల్లెల వాసన గుప్పుమంటోంది. పక్కన ఆటోవాడు ఎగాదిగా చూసి, "ఏం గురూగారూ, అక్కయ్యగారి బండా?" అన్నాడు.

"కాదు, మా ఆవిడది," అన్నాడు మణికుమార్ ఎటో చూస్తూ. పచ్చలైటు పడింది. గేరు మార్చే బాధ లేకుండా స్కూటీ మెత్తగా ముందుకు కదిలింది. అయినా అతనికి ఏడుపొచ్చింది.

మణికుమార్‌కి ఇంకా పెళ్ళి కాలేదు.