గోల్ఫ్ మైదానంలో మొదటి ఇల్లు

మునిసిపల్ హాల్లో కుర్చీలు చాలక కొందరు కిటికీ అంచుల మీద కూర్చున్నారు. ఊరి చివరి గోల్ఫ్ మైదానాన్ని తీసేసి ఇళ్ళు కట్టాలా వద్దా అన్నది ఆ సాయంత్రం తేలిపోవాలి.

ఎడమవైపు క్లబ్బు సభ్యులు. ఇస్త్రీ చొక్కాలు, ఎండకు కమిలిన మెడలు. కుడివైపు ఇల్లు కావలసినవాళ్ళు. వాళ్ళ ముందు వరసలో ఆమె. పక్కన, కరపత్రాల సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆమె భర్త. ఒకప్పుడు అతనూ ఎడమవైపు మనిషే.

ముందుగా క్లబ్బు కార్యదర్శి లేచాడు. వృత్తికి పళ్ళ డాక్టరు. మాట మెత్తన.

"ఆ మైదానం ఈ ఊరికి ఊపిరితిత్తులండీ. ఇళ్ళు ఎక్కడైనా కట్టుకోవచ్చు. అన్నేళ్ళ చెట్లని మళ్ళీ కట్టగలమా?"

"ఊపిరితిత్తులైతే చుట్టూ కంచె ఎందుకు సార్? మేం పీల్చకూడదా?" అని లేచాడు బస్సు డ్రైవరు.

హాలు ఘొల్లుమంది.

"పొద్దస్తమానం ఈ ఊరంతా తిప్పేది నేను. పడుకోవడానికి మాత్రం రెండు ఊళ్ళ అవతలికి పోవాలి. మీ గడ్డికి పూటపూటా నీళ్ళు. మా పంపులో గాలి. గడ్డిపరకగా పుట్టినా సుఖపడేవాణ్ణి!"

"ఎవర్నీ పేరు పెట్టి విమర్శించొద్దు" అన్నాడు చైర్మన్.

"నేనన్నది గడ్డినే కదండీ!"

నవ్వులు ఆగేదాకా ఉండి ఆమె లేచింది. వెనకవాళ్ళు మెడలు చాచారు.

ఆమె సంగతి తెలియనివాళ్ళు అక్కడ లేరు. తొమ్మిదేళ్ళ కూతురు ఆ మైదానంలోనే పోయింది. ఒక ఆదివారం పొద్దున గోల్ఫ్ బంతి వచ్చి కణతకు తగిలింది. ప్రమాదం అన్నారు. కేసు మూసేశారు. కొట్టినవాడి పేరు కంచె దాటి బయటికి రాలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆమె ఇల్లు లేనివాళ్ళని పోగెయ్యడం మొదలుపెట్టింది. ఉడుంపట్టు మనిషి. ఎక్కని మెట్టు లేదు, తట్టని తలుపు లేదు. ప్రతి గడప దగ్గరా పాప ఎలా పోయిందో మొదటినుంచీ చెప్పేది. పక్కన సంచీ మోస్తూ భర్త. ఎండలో గొడుగు పట్టేవాడు. ఆమె గొంతు ఎండిపోతే మంచినీళ్ళ సీసా అందించేవాడు. ఒకసారి, "అలసిపోయావు, ఈ ఇంట్లో కాగితం ఇచ్చేసి వద్దాం" అన్నాడు. "నాకేం అలుపు లేదు, రండి" అంది.

"అలాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలి" అనుకునేవాళ్ళు వీధిలో ఆడవాళ్ళు.

ఇప్పుడు ఆమె మైకు పట్టుకోలేదు. అవసరం లేకపోయింది.

"నాకు చెట్ల మీద కోపం లేదు. ఆ గడ్డి అంత నున్నగా ఉండటం చూళ్ళేను. ఏమీ జరగనట్టే ఉంటుంది. దాన్ని తవ్వాలి. అక్కడ ఎవరో అన్నం వండుకోవాలి. మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకోవాలి. పిల్లల్ని కేకలెయ్యాలి."

"ముందు ఆ బంతి కొట్టినోడి పేరు చెప్పించండి!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

క్లబ్బువాళ్ళు తలలు దించుకున్నారు. పళ్ళ డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పేరు నాకొద్దు. నేల కావాలి" అని కూర్చుంది ఆమె.

ఓట్లకు ముందు కాస్త విరామం ఇచ్చారు. మంచినీళ్ళ కుండ దగ్గర ఆమె ఒక్కతే ఉండటం చూసి పళ్ళ డాక్టరు దగ్గరికొచ్చాడు.

"అమ్మా, ఇంక చాలించండి. ఆ మనిషి మళ్ళీ గోల్ఫ్ కర్ర ముట్టలేదు. ఎవరితోనూ సరిగా మాట్లాడడు. సగం చచ్చిపోయాడు."

"మిగతా సగం ఉందిగా, డాక్టరుగారూ."

ఆయన వెనక్కి తిరిగి తన వరసకి వెళ్ళిపోయాడు.

చేతులెత్తించి లెక్కపెట్టారు. ఇళ్ళే గెలిచాయి. ఈలలు, చప్పట్లు. ఎవరో ఏడుస్తున్నారు. బస్సు డ్రైవరు బల్ల ఎక్కేశాడు.

"మొదటి ఇల్లు పిన్నిగారికే! ఏది కావాలంటే అది. కాదనేవాళ్ళు ఉన్నారా?"

ఒక్కరూ లేరు. క్లబ్బువాళ్ళలో కూడా.

గోడమీద కొత్త కాలనీ నక్షా వేలాడుతోంది. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుంది. పాత మైదానం గీతలు కింద లీలగా కనిపిస్తున్నాయి. చాలాసేపు చూసింది. ఒక గడి మీద వేలు పెట్టింది.

"అదొద్దమ్మా" అన్నాడు ఇంజనీరు. "పడమటెండ కొడుతుంది. పైగా మలుపు, బస్సుల మోత. ఇటు పార్కు పక్కన చూడండి."

"అదే."

"మా బస్సు మోత పిన్నిగారికి జోలపాటేలెండి!" అన్నాడు డ్రైవరు. "అయినా ఒక్క మాట బాబాయిగారిని అడగొద్దా?"

"ఆయన నా మాట కాదనరు."

ఇంజనీరు ఆ గడి చుట్టూ ఎర్రగా గీశాడు.

బయట మెట్ల మీద భర్త ఒక్కడే నిలబడి ఉన్నాడు. సంచీ కింద పెట్టేశాడు. ఆమెను చూడగానే అతని ముఖం, ఎన్నాళ్ళకో, కాస్త తేటపడింది.

"గెలిచావు" అన్నాడు. "ఇంక గడపగడపకీ తిరిగి అదంతా చెప్పక్కర్లేదు. కొత్త ఇంట్లోనైనా మనకి కంటినిండా నిద్ర పడుతుంది."

"అందుకేగా, పడగ్గది ఎక్కడొస్తుందో చూసి మరీ ఎంచానండీ" అంది ఆమె, "మీరు కొట్టిన బంతికి పాప కూలిపోయిన చోటే."