నువ్వు చెప్పినట్టే

"అబద్ధం చెప్పకు తాతా. గోలీలు ఏసుకుంటే షుగర్ తగ్గకుండ ఎట్లుంటది?"

కల్వకుర్తి బస్టాండు పక్కన మందుల దుకాణంలో గోలీలిచ్చే ఎస్తేరు, గుర్వయ్యకు డాక్టరు రాసిన కొత్త చీటీని కౌంటరు మీద పరిచి అడిగింది. ఈసారి ఇంకా గట్టి గోలీలు రాశాడు. వీటికీ షుగర్ దిగకపోతే పుండు పడిన కాలివేలు తీసేయాల్సి వస్తుందని కూడా చెప్పి పంపాడు. అదే జరిగితే గుర్వయ్య గొర్రెల వెంట నడవలేడు, వాటిని అమ్ముకోవాల్సిందే.

"నేనెందుకు అబద్ధమాడుత బిడ్డా? నువ్వు చెప్పినట్టే చేస్తున్న."

ఎస్తేరుకు కోపం వచ్చింది. కోపం కంటే భయమే ఎక్కువ. మందు ఎలా వాడాలో అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతుందని ఊళ్లో ఆమెకు పేరు. చెప్పింది తిరిగి అప్పజెప్పించుకోనిదే ఎవరినీ మెట్టు దిగనివ్వదు. అలాంటిది తను ఇచ్చిన గోలీలు పనిచేయకపోవడమేమిటి?

"ఏదీ, అప్పజెప్పు."

"పొద్దుగాల అన్నం తిన్నంక ఒకటి. రాత్రి అన్నం తిన్నంక ఒకటి." గుర్వయ్య తడుముకోకుండా చెప్పాడు.

"ఎప్పుడన్న పరగడుపున ఏసుకున్నవా?"

"అన్నం తినకుండ ఒక్క గోలి నోట్లె ఏసుకోలే. మైసమ్మ మీద ఒట్టు."

"చాయల షక్కర్?"

"బంద్ చేసిన."

"మరి కల్లు?"

"అది గూడ."

అయినా నమ్మకం కుదరక ఎస్తేరు అతని భుజాన ఉన్న సద్దిమూట విప్పించింది. జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, ఇంత పచ్చికారం. మిఠాయి పొట్లాలేవీ లేవు. ముసలాయన ఇంత నిష్ఠగా పథ్యం చేస్తుంటే మూట వెతికినందుకు ఆమెకు సిగ్గేసింది.

"ఏమనుకోకు తాతా," అంటూ కొత్త గోలీలు సంచిలో వేసి ముందుకు జరిపింది. "ఇవి గూడ గంతే. అన్నం తిన్నంకనే."

గుర్వయ్య సంచి అందుకోలేదు.

"పాతయే ఇంట్ల గట్లనే ఉన్నయి. గివి గూడ తీస్కపోయి ఏం జేయాలె?"

"గట్లనే ఉన్నయా? ఎందుకు?"

"డాక్టర్ సారు అన్నం బంద్ చేయమన్నడు గద, బిడ్డా."