గది నిశ్శబ్దం

"సార్, మీ కోటు ఓ నెల్లాళ్ళు ఇస్తారా?"

బస్టాపులో నిలబడ్డ పెద్దాయన ఆ కుర్రాణ్ణి ఎగాదిగా చూశాడు. మడత నలగని తెల్ల చొక్కా, తళతళలాడే బూట్లు. దొంగలా లేడు. పిచ్చివాడిలా మాత్రం కొంచెం ఉన్నాడు.

"మరి నేనేం తొడుక్కోను?"

"సినిమా తీస్తున్నాను సార్. చిన్న సినిమా, మా సొంతం. మా హీరోకి ఇలాంటి కోటే కావాలి. ఈ కాలరు, ఈ భుజాలు... ఇప్పుడిలా ఎవరు కుడుతున్నారు చెప్పండి?"

పెద్దాయన కోటు అంచు ఓసారి తడుముకున్నాడు.

"ఇస్తాను. కానీ ఇది ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళదు బాబూ. దాంతోపాటు నేనూ వస్తాను."

ఆ కుర్రాణ్ణి స్నేహితులంతా దర్జా అంటారు. భోజనం మానేసైనా చొక్కా ఇస్త్రీ చేసుకునే రకం. బట్టల పిచ్చి ఒకటి, సినిమా పిచ్చి ఇంకొకటి. ఆ రెండూ చాలవన్నట్టు పాటల పిచ్చి. అవీ అందరూ వినే పాటలు కావు. ఏ కంపెనీ అండా లేకుండా ఎవరో తమకు తాము పాడుకుని, క్యాసెట్లు వేసుకుని, వినే దిక్కు లేక మరుగున పడిపోయిన పాటలు.

అలాంటి క్యాసెట్ ఒకటి పాత సామాన్ల కొట్లో దొరికింది. ఒట్టి నీలం అట్ట. పేరు లేదు, ఫొటో లేదు. అందులో ఒక పాట వింటుంటే దర్జాకి ఎక్కడో కిటికీ తెరిచినట్టుండేది. పల్లవి, మొదటి చరణం, ఆ తర్వాత టేపు నలిగిపోయి గరగర. రెండో చరణం లేదు.

ఆ పాట కోసమే సినిమా. చివర్లో హీరో రెండో చరణం పాడాలి. కొత్తగా కట్టించిన బాణీలేవీ దానికి అతకలేదు. ఇంకో క్యాసెట్ కోసం, ఆ పాడినవాడి కోసం దర్జా తిరగని చోటు లేదు. ఆ చరణం దొరక్కపోతే సినిమాకి ముగింపే లేదు.

షూటింగు ఓ పాత మేడ మీద గదిలో. కోటు హీరో ఒంటిమీద ఉండేది, అందరూ తాతగారని పిలిచే పెద్దాయన కిటికీ పక్కన కుర్చీలో ఉండేవాడు. షాటుకీ షాటుకీ మధ్య లేచి వెళ్ళి, హీరో భుజాల మీద దుమ్ము రుమాలుతో దులిపి వచ్చేవాడు.

మధ్యాహ్నాలు ఎండ వాలుగా లోపలికి పడేది. దర్జా ఆ పాట పెట్టేవాడు. అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయేవారు. సినిమా తీస్తున్నారో కల కంటున్నారో వాళ్ళకే తెలిసేది కాదు.

"ఎలా ఉంది తాతగారూ?"

"పాడినవాడు కొంచెం తొందరపడ్డాడు."

దర్జాకి చుర్రుమంది. "ఆయన్ని ఒక్క మాటన్నా నేనూరుకోను."

"సర్లే, అననులే."

ఆఖరి రోజు వచ్చింది. హీరో మనసు కుదరడానికి దర్జా మళ్ళీ ఆ పాటే పెట్టాడు. అది ఎప్పటిలాగే గరగరమని తెగింది. షాటు అయింది.

"ఎవరూ కదలకండి," అన్నాడు చెవులపిల్లి. చీమ నడిచినా వింటాడని సౌండు చూసేవాడికి ఆ పేరు.

ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే. మాటల మధ్య ఖాళీల్లో అతికించడానికి దాన్నీ ఓ నిమిషం రికార్డు చేసుకోవాలి. చెవులపిల్లి ఎత్తిన చెయ్యి దించేదాకా ఎవరూ నోరెత్తకూడదు.

కిటికీ తెర కదిలింది. ఎండలో దుమ్ము మెల్లగా తేలుతోంది. దర్జా తగ్గిపోతున్న వెలుగుకేసి చూస్తూ, వీధిలో తియ్యాల్సిన చివరి షాటు గురించి ఆలోచిస్తున్నాడు.

చెయ్యి దిగింది.

"పోయింది," చెవులపిల్లి తల పట్టుకున్నాడు. "నిమిషం పొడుగునా తాతగారి కూనిరాగమే. మళ్ళీ తియ్యాలి."

పెద్దాయన ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. "తెలియకుండా వచ్చేసింది బాబూ. ఆ పాట..."

"తర్వాత చెబుదురుగాని తాతగారూ, వెలుగు పోతోంది. కాసేపు బయట కూర్చోండి."

పెద్దాయన తలూపి మెట్లు దిగాడు.

"దీన్నేం చెయ్యను? ఓసారి వింటావా?" చెవులపిల్లి హెడ్‌ఫోన్లు తీసి చాపాడు.

"వినే తీరికెక్కడిది? తుడిచెయ్."

పని ముగించి చూస్తే పెద్దాయన లేడు. కోటు మాత్రం హీరో ఒంటిమీదే ఉంది.

ఎడిటింగులో సినిమా చివరికొచ్చి ఆగిపోయింది. తెరమీద హీరో నోరు తెరుస్తాడు, పాట రాదు. దర్జాకి దిక్కు తోచలేదు. ఆ దిగుల్లోనే ఒకరోజు కోటు శుభ్రంగా ఇస్త్రీ చేసి పెద్దాయన ఇంటికి తీసుకెళ్ళాడు.

ఆయన కూతురు తలుపు తీసింది. కోటు చూడగానే గుర్తుపట్టింది.

"నాన్న పోయారండీ, పోయిన నెల్లో. నిద్రలోనే."

దర్జా గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఏడుపొచ్చింది.

"కోటు మీరే ఉంచుకోవాలట. దాని విలువ తెలిసింది మీకొక్కరికేనని చెప్పారు."

"దీన్ని ఒంటరిగా ఎక్కడికీ పంపనన్నారు..."

"అదంటే ప్రాణం మరి. వయసులో ఉన్నప్పుడు క్యాసెట్టు అట్టమీద ఫొటో కోసం కుట్టించుకున్నారు. తీరా సిగ్గేసి ఫొటో దిగలేదు, ఒట్టి నీలం అట్టే వేయించారు."

"ఏం క్యాసెట్టండీ?" అన్నాడు దర్జా.

"సొంతంగా పాడుకున్నారు. ఎవరూ వినలేదని మళ్ళీ నోరు విప్పలేదు. ఆయన పాడగా నేనెప్పుడూ వినలేదు. మీ షూటింగు ఆఖరి రోజు మాత్రం ఇంటికొచ్చి, 'టేపు తెగిన చోట అందుకుని చివరిదాకా పాడేశానమ్మా, వాళ్ళు రికార్డు కూడా చేసుకున్నారు' అని ఒకటే సంబరం."

ఆమె తలుపు పూర్తిగా తెరిచి, కుర్చీ ముందుకు జరిపింది.

"కూర్చోండి. నాన్న పాట ఒక్కసారి వినిపిస్తారా?"