నెమ్మది మనిషికి మొదటి గుక్క

కనుమ ఎక్కేటప్పుడు నెమ్మదిగా నడిచే మనిషిని ముందుంచాలి. మొదటి గుక్క నీళ్లూ ఆ మనిషికే ఇవ్వాలి. నారిన్ కొండల్లో దారి చూపేవాళ్ల పద్ధతి అది. నిరుడు దారి చూపే బెక్తూర్ ఆ పద్ధతి తప్పాడు. తనతో వచ్చిన ముసలి సగిన్‌బాయ్ ఆయాసపడుతుంటే విసుగొచ్చి, "పైన ఊట ఉంది, మెల్లగా రా మామా" అంటూ నీళ్లన్నీ తనే మోసుకుపోయాడు. తీరా చూస్తే ఊట ఎండిపోయి ఉంది. మామ రానేలేదు.

ఈ రాత్రి మళ్లీ అదే కనుమ. వెనక బావమరిది ఎల్దియార్ ఒక్కడే. చీకట్లో వాడి అడుగులు అంతకంతకూ వెనకబడుతున్నాయి.

"ఏంట్రా ఆ పెళ్లినడక! ఇలాగైతే పైకెక్కేలోపే నీళ్లయిపోతాయి."

"నన్నంటావేం బావా? నా ముందున్నాయన కదిలితేగా నేను కదిలేది!"

బెక్తూర్ ఆగిపోయాడు. గాలి కూడా ఆగింది. వీపు వెనకే, కంకర మీద ఒక అడుగు పడింది.

తిరిగి చూసే ధైర్యం లేక, నీళ్లతిత్తి మూత విప్పి చెయ్యి వెనక్కి చాపాడు.

"ముందు నువ్వు తాగు మామా. తప్పయిపోయింది."

గుటకలు వినిపించాయి. తిత్తి తేలికై, ఖాళీ అయింది. అడుగులు అతణ్ణి దాటుకుని పైకి సాగాయి. వాటి వెంటే ఎల్దియార్ అడుగులూ దాటిపోయాయి.

"బావా," పైనుంచి వాడి గొంతు వినిపించింది, "నిన్ను మెల్లగా రమ్మంటున్నాడు. పైన ఊట ఉందట."